కుక్క చెవిలో పిడుదు: ఇంట్లో పాపకు కూడా ప్రమాదమా?

ప్రశ్న:
నమస్కారం. మా మూడేళ్ల కుక్క చెవి మడతలో నిన్న సాయంత్రం రక్తం తాగి శనగగింజంత ఉబ్బిన పిడుదు కనిపించింది. కంగారులో వేళ్లతో లాగితే ఒళ్లు ఊడివచ్చింది గానీ నోటిభాగం చర్మంలోనే ఉండిపోయినట్లుంది. కుక్క మామూలుగానే తింటోంది, ఆడుతోంది. మా ఐదేళ్ల పాప దాని పక్కనే పడుకుంటుంది కాబట్టి, దాని నుంచి పాపకు ఏమైనా సోకుతుందేమోనని రాత్రంతా నిద్ర పట్టలేదు. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1:
చర్మంలో మిగిలిన ముక్క కోసం సూదితో కెలకవద్దండి, పుండు పడుతుంది. సబ్బునీళ్లతో కడిగి వదిలేస్తే కొద్ది రోజుల్లో చర్మమే దాన్ని బయటకు నెట్టేస్తుంది. ఇకముందు పిడుదు కనిపిస్తే సన్నని కొసలున్న ట్వీజర్‌తో, చర్మానికి ఆనుకుని, దాని నోటి దగ్గర పట్టుకుని మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, వ్యాసలిన్ పూయడం వంటివి మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. అవి దాన్ని వెంటనే వదిలించలేవు, పైగా బెదిరిన పిడుదు తన లాలాజలాన్ని మరింతగా గాయంలోకి వదిలే అవకాశం ఉంది. వేళ్లతో చిదమడం కూడా మంచిది కాదు.

సమాధానం 2:
కుక్క సంగతి చెబుతాను. కుక్కలను ఎక్కువగా పట్టే గోధుమరంగు పిడుదు వల్ల ఎర్లీషియా, బబీసియా అనే సూక్ష్మజీవులు సంక్రమిస్తాయి. ఎర్లీషియా లక్షణాలు సాధారణంగా 1 నుంచి 3 వారాల్లో బయటపడతాయి కనుక, ఈరోజు హుషారుగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. నిన్నటి తేదీ రాసి పెట్టుకోండి. జ్వరం, తిండి మానేయడం, ముక్కు నుంచి రక్తం కారడం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించండి. మా కుక్కకు ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాక గానీ మేము మేల్కోలేదు. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో కోలుకుంది గానీ, ఆ వారం పడిన బాధ ఇప్పటికీ మరచిపోలేను.

సమాధానం 3:
పాప విషయంలో కొంత ధైర్యం చెప్పవచ్చు. ఈ జబ్బులు కుక్కను ముట్టుకున్నంత మాత్రాన మనిషికి అంటుకోవు. అయితే కుక్క మీద నుంచి రాలిన పిడుదు మనిషిని కుట్టగలదు, ఒంటిపై మచ్చలతో వచ్చే జ్వరాల వంటివి అలాగే వస్తాయి. అందుచేత పాప చెవుల వెనుక, జుట్టు కుదుళ్లలో, చంకల్లో, మోకాలి మడతల్లో రోజూ చూడండి. ఎంత త్వరగా తీస్తే ముప్పు అంత తక్కువ: లైమ్ వ్యాధిని కలిగించే బ్యాక్టీరియా సోకడానికి సాధారణంగా పిడుదు 24 గంటలకు పైగా అంటిపెట్టుకుని ఉండాలి. కొన్ని సూక్ష్మజీవులకు అంత సమయం అవసరం లేదు. కుట్టిన తరువాత కొన్ని వారాల్లోపు జ్వరమో దద్దురో వస్తే, పిడుదు సంగతి వైద్యులకు మీరే ముందుగా చెప్పండి.

ఇంకొక ముఖ్యమైన మాట. ఈ గోధుమరంగు పిడుదు రక్తం తాగిన ప్రతిసారీ కింద రాలి, గోడ పగుళ్లలో, పరుపు అంచుల్లో దాక్కుంటుంది; ఒక్క ఆడది వేల గుడ్లు పెడుతుంది. కుక్క పడుకునే గుడ్డలను వేడినీళ్లలో ఉతికి, పగుళ్లను వాక్యూమ్‌తో శుభ్రం చేయండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు వెతికితే కాలివేళ్ల మధ్య మరో రెండు దొరికాయి, ట్వీజర్‌తో సరిగానే తీశాను. పిడుదులు పోవడానికి కుక్క చర్మంపై వేసే చుక్కల మందు మా పిల్లికి కూడా వేయవచ్చా?

సమాధానం 2 రాసినవారు:
వేయకండి. కుక్కల మందుల్లో కొన్నింటిలో ఉండే పర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లులకు విషం. వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. అటువంటి మందు కుక్కకు వేస్తే, అది ఆరేవరకు పిల్లిని కుక్క దగ్గరకు కూడా రానివ్వకండి. పిల్లికి దాని బరువును బట్టి పశువైద్యులు రాసిన మందే వాడండి.