'చివరకు మిగిలేది'లో సంఘర్షణ ఎవరితో?

ప్రశ్న: మనిషికీ మనిషికీ, సమాజానికీ, ప్రకృతికీ, తనకు తానే... కథల్లో సంఘర్షణ రకాలు ఇవీ అని సార్ గబగబా చెప్పేసి వెళ్లిపోయారు. బుచ్చిబాబు నవల ఏ రకం కిందికి వస్తుందండీ? పరీక్ష టెన్షన్‌లో ఉన్నా.

జవాబు 1: అంతస్సంఘర్షణ, అంటే తనతో తానే పడే పోరాటం, అని రాయండి. కథానాయకుడు దయానిధి తల్లి మీద నింద వేసింది లోకమే, కానీ ఆ మాటలు అతని లోపలే తిష్ఠ వేశాయి, అందుకే ఏ స్త్రీకీ పూర్తిగా దగ్గర కాలేడు. లోకం తిట్టడం ఆపినా అతని గొడవ ఆగదని నా అభిప్రాయం.

జవాబు 2: సమాజంతో అంటే 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' ఉందిగా! పైకి అగ్నిహోత్రావధాన్లుకీ బావమరిది కరటకశాస్త్రికీ పేచీలా కనిపిస్తుంది, అగ్నిహోత్రావధాన్లు కూతురు సుబ్బి పెళ్లి చెడగొట్టడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కూడా వేయిస్తాడు (ఆ భాగం ఎన్నిసార్లు చదివినా నవ్వొస్తుంది), కానీ అసలు ప్రత్యర్థి చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి అమ్మే ఆచారమే.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. మరి ప్రకృతితో?

జవాబు 1: హెమింగ్వే 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ', 1952. ముసలాయన, చేప, సొరచేపలు. అదీ సగం తనతోనే పోరాటం అనుకోండి.