మీ యూజర్‌నేమ్ వెనకున్న కథ ఏంటి?

వాణి1116:
మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురికి మెయిల్ ఐడీ చేసిపెడుతున్నాను. నా ఐడీ చూసి, "పెద్దమ్మా, నీ పేరు చివర ఈ 1116 ఏంటి?" అని అడిగింది. చెబుతుంటే నాకే అంతా కళ్లముందు తిరిగింది. ఇన్నేళ్లుగా ఇక్కడ అన్ని కబుర్లూ చెప్పుకుంటున్నాం, ఒకరి పేరు కథ ఇంకొకరికి తెలియదు. అందుకే అడుగుతున్నాను. ముందు నాది చెబుతాను.

2003లో విజయనగరంలో నెట్ సెంటర్‌కి వెళ్లాను. గంటకి ఇరవై రూపాయలు. నన్ను ఒక్కదాన్నీ పంపడం ఇష్టంలేక తాతయ్య కూడా వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నారు. 'వాణి' అని కొడితే ఆ పేరు ఎవరో తీసేసుకున్నారని వచ్చింది. కింద వేరే పేర్లు చూపించింది, అన్నిటి చివరా పొంతన లేని అంకెలు. తాతయ్య కళ్లజోడు సర్దుకుని, "అంకె తప్పదంటే శుభమైనదే పెట్టుకో అమ్మా. వెయ్యినూటపదహార్లు పెట్టు" అన్నారు. పెళ్లిలో చదివింపులైనా, పురోహితుడి దక్షిణైనా సున్నాతో ముగించకూడదని ఆయన పట్టు. వచ్చేటప్పుడు ఆ నెట్ సెంటర్ అబ్బాయికి కూడా ఇరవై ఒక్క రూపాయలు ఇచ్చారు. తాతయ్య ఇప్పుడు లేరు. ఆ అంకెలు నొక్కని రోజు మాత్రం లేదు.

అద్దెసైకిల్7:
వాణి గారూ, మంచి ప్రశ్న వేశారు. నన్ను ఇది ఎవరూ అడగలేదు. చాలామంది 7 చూసి ధోనీ జెర్సీ నంబరు అనుకుంటారు. కాదు.

నాన్నది తణుకులో సైకిల్ టాక్సీ. ఇప్పటి పిల్లలకు ఆ మాట తెలియకపోవచ్చు. సైకిళ్లు గంటల లెక్కన అద్దెకిచ్చే షాపు. మొత్తం పన్నెండు సైకిళ్లు ఉండేవి. వెనక మడ్‌గార్డు మీద ఎర్ర రంగుతో గుండ్రం, అందులో తెల్ల రంగుతో నంబరు. నాన్నే రాసేవారు, ప్రతి దసరాకీ మళ్లీ దిద్దేవారు. నోటుబుక్కులో పేరు, సైకిల్ నంబరు, తీసుకెళ్లిన టైము. నాకు తెలిసేటప్పటికి గంటకి రూపాయి.

ఏడో నంబరు సైకిల్‌కి చైన్ కవరు లేదు. తొక్కితే ప్యాంటుకి గ్రీజు అంటుకుంటుంది, అందుకని మిగతావన్నీ వెళ్లిపోయాకే దాన్ని తీసుకునేవాళ్లు. అలా అది ఎప్పుడూ నాకు మిగిలేది. సీటు అందే ఎత్తు కాదు నాది. కమ్మీ కింద నుంచి కాలు అవతలికి పెట్టి, ఒళ్లంతా ఒక పక్కకి వంచి తొక్కుతూ నేర్చుకున్నాను.

సాయంత్రం షాపులో నాకో పని ఉండేది. పంక్చరైన ట్యూబుకి నాన్న గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి, కొంచెం కొంచెం తిప్పుతూ వచ్చేవారు. బుడగలు లేవగానే "పెట్టు" అనేవారు. ఆ చిల్లులో అగ్గిపుల్ల గుచ్చడం నా పని. తర్వాత ట్యూబు తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, నోటితో ఊది ఆరబెట్టి ప్యాచ్ వేసేవారు. ఆ సొల్యూషన్ వాసన ఇప్పుడెక్కడ తగిలినా నేను కాసేపు ఆగిపోతాను.

అందరికీ బైకులు వచ్చాయి. 2005లో షాపు మూసేశాం. సైకిళ్లు పాత ఇనుము కింద తూకానికి పోయాయి. నాన్న ఏమీ అనలేదు, ఏడో నంబరు మడ్‌గార్డు మాత్రం స్క్రూలు విప్పి ఇంటికి పట్టుకొచ్చారు. ఆయన పోయిన ఏడాదే నేను ఇక్కడ చేరాను. పేరు ఏం పెట్టాలా అని ఆలోచించాల్సిన పని పడలేదు.

గిరి.కె:
నాది పెద్ద కథ కాదు. జీమెయిల్‌లో 'గిరి' అని ఇవ్వలేం, కనీసం ఆరు అక్షరాలు ఉండాలి. ఇంటిపేరు మొత్తం కలిపి, మధ్యలో చుక్క పెట్టి తీసుకున్నాను. అక్కడ చుక్కని లెక్కలోకి తీసుకోరని తర్వాత తెలిసింది. చుక్క ఉన్నా లేకున్నా ఒకటే పెట్టె. నా పేరూ ఇంటిపేరూ ఉన్న ఇంకో ఆయన చుక్క లేని ఐడీ తనదే అనుకుని అందరికీ ఇస్తున్నట్టున్నాడు. ఆయన ఇన్సూరెన్స్ కాగితాలు, పిల్లల స్కూల్ ఫీజు రసీదులు నాకొస్తాయి. ఒకసారి ఆస్పత్రి రిపోర్టు కూడా వచ్చింది. అది చూసి టెన్షన్ పడి, కాగితంలో ఉన్న ఫోన్ నంబరుకి చేసి చెప్పాను. మెయిల్ ఇచ్చేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

చంద్రకళ:
1990ల్లో అమెరికాలో చదువుకున్నవాళ్లకు ఆర్‌టీఎస్ (రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్) గుర్తుండే ఉంటుంది. తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టే పద్ధతి. రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్లు తయారుచేశారు కాబట్టి ఆ పేరు. చిన్న 'ఎల్' కొడితే ల, పెద్ద 'ఎల్' కొడితే ళ. న, ణలకీ అంతే. అలవాటైపోతే ఇంగ్లిష్ అక్షరాలు కళ్లకి ఆనవు, తెలుగే కనిపిస్తుంది.

ఒక సైటులో చేరేటప్పుడు నేను నా పేరుని అలాగే పెద్ద 'ఎల్' పెట్టి జాగ్రత్తగా కొట్టాను. ఆ సైటు అన్నిటినీ చిన్న అక్షరాల్లోకి మార్చేసింది. ఆర్‌టీఎస్ తెలిసినవాళ్లందరూ 'చంద్రకల' అని చదివారు. పిలవడం కూడా అలాగే మొదలుపెట్టారు. కళ అంటే చంద్రుడిలో పదహారో వంతు. శుక్లపక్షం విదియ నాడు పుట్టానని, ఆ సన్నటి నెలవంకని చూసి అమ్మ పెట్టిన పేరు. ఒక్క అక్షరమే కదా అని వదిలేయలేకపోయాను.

ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు లిపిలోకి మార్చే లేఖిని వచ్చాక, ఇక్కడ మొదటిసారి పేరు తెలుగులో పెట్టుకునే వీలు కలిగింది. 'ళ' తెర మీద కనబడగానే అమ్మకి ఫోన్ చేశాను. ఆవిడకి కంప్యూటర్ సంగతి ఏమీ తెలియదు. "ళ పడిందమ్మా" అంటే, "పడక?" అంది.

మేఘం:
నాది కొంచెం వేరు. 2001లో అమీర్‌పేటలో జావా నేర్చుకునేదాన్ని. డౌట్లు అడుగుదామని చాట్‌రూమ్‌లోకి వెళ్తే అమ్మాయి పేరు కనబడగానే వరసపెట్టి కిటికీలు తెరుచుకునేవి. అన్నిట్లో ఒకటే: వయసెంత, ఆడా మగా, ఏ ఊరు. అప్పటి నా ఐడీలో పేరు, పుట్టిన సంవత్సరం, కాలేజీ పొట్టిపేరు అన్నీ ఉన్నాయి. అందరూ అలాగే పెట్టుకునేవాళ్లు, నేనూ పెట్టుకున్నాను. ఒకతను ఆ మూడిటినీ పట్టుకుని కాలేజీ గేటు దగ్గరికి వచ్చి నా పేరు చెప్పి వాకబు చేశాడు. వాచ్‌మన్ మంచివాడు కాబట్టి పంపేశాడు. నేను వారం రోజులు కాలేజీకి వెళ్లలేదు. ఇంట్లో జ్వరమని చెప్పాను.

ఆ తర్వాత పెట్టుకున్నదే మేఘం. మేఘం ఆడో మగో చెప్పలేరు, ఊరు అసలే చెప్పలేరు. ఆ పేరుతో అడిగిన మొదటి డౌట్‌కే చక్కటి జవాబు వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత మీ అందరికీ నేను ఆడమనిషినని తెలుసు, ఇప్పుడు ఆ భయం లేదు. కానీ వాణి గారూ, మీ చెల్లెలి కూతురి ఐడీలో పుట్టిన సంవత్సరం ఉంటే ఈరోజే మార్పించండి. ఫోన్ నంబరులో చివరి అంకెలు కూడా వద్దు.

వాణి1116:
మేఘం గారూ, సంవత్సరం పెట్టింది. మీ మాట చదివి ఇప్పుడే ఇంకో ఐడీ చేయించాను. ఇది మాతో చెప్పినందుకు చాలా చాలా థ్యాంక్స్.

ఇంటిపేరు_ముందు:
డాలస్ నుంచి. మన ఇంటిపేరు ముందుంటుంది, ఈ లోకంలో ఫారాలు అలా ఉండవు. నా పాస్‌పోర్టు ఫారం నింపిన ఏజెంటు ఇంటిపేరూ నా పేరూ కలిపి సర్‌నేమ్ గడిలో రాసేశాడు. రెండో గడి ఖాళీ. నేను చూసుకోలేదు. అమెరికా వీసాలో ఆ గడి ఖాళీగా ఉంచరు, ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు. అంటే మొదటి పేరు తెలియదు అని. యూనివర్సిటీ కంప్యూటర్ దాన్నే నా పేరుగా తీసుకుంది. లాగిన్ అదే, ఐడీ కార్డు మీదా అదే. మొదటి రోజు క్లాసులో ప్రొఫెసర్ "ఫ్నూ" అని రెండుసార్లు పిలిచాడు. అది నేనేనని మూడోసారికి అర్థమయ్యింది. చుట్టూ చూస్తే ఇంకో ఇద్దరు ఫ్నూలు ఉన్నారు, ఇద్దరూ మనవాళ్లే.

మా అమ్మానాన్న ఏడాది ఆలోచించి పెట్టిన పేరు నాకు. 'తెలియదు' అని రాసి ఉన్న కార్డు మెడలో వేసుకుని తిరగడం ఎంత బాధో మాటల్లో చెప్పలేను. పాస్‌పోర్టు సరిచేయించుకుని, మిగతావన్నీ ఒక్కొక్కటీ మార్పించేసరికి ఏడాది పైనే పట్టింది. పై చదువులకి వచ్చే పిల్లలు దయచేసి ఆ రెండు గడులూ మీరే చూసుకోండి. ఏజెంటుకి వదలొద్దు.

కూడవెల్లి:
అమ్మమ్మ వాళ్ల ఊరు. ఇప్పుడు లేదు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో, తుంగభద్ర కృష్ణలో కలిసే చోట ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్లలో మునిగిపోయింది. అక్కడి సంగమేశ్వరుడి గుడి చాళుక్యుల కాలం నాటిది. రాళ్లు విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టారు. గుడిని తెచ్చారు, ఊరిని తేలేరు కదా. అమ్మమ్మ అలంపురం వెళ్లినప్పుడల్లా ఆ గుడి గోడని చేత్తో తడిమేది. "మెట్లేవి?" అనేది. ఊళ్లో ఆ గుడి ముందు నది దాకా మెట్లుండేవట. నదిలోకి దిగే మెట్లు ఇక్కడ ఎలా ఉంటాయి?

మా అమ్మ పుట్టిన ఊరు అనే గడిలో ఇప్పటికీ కూడవెల్లి అనే రాస్తుంది. నేను ఏ సైటులో చేరినా ఈ పేరే పెడతాను. ఎవరో ఒకరు చూసి అడుగుతారని.

వాగొడ్డు:
అన్నా, నేను ఇన్నేండ్ల సంది మీది మా సిద్దిపేట దిక్కు కూడవెల్లి అనుకున్న. మాకు వాగు పేరే కూడవెల్లి. ఒడ్డున రామలింగేశ్వరుడి గుడి, ఏటా జాతర. అందుకే మీరు ఏం రాసినా మనూరాయనే అని ముందు చదివేటోన్ని. మీ ఊరు మునిగిందని ఇయ్యాల్నే తెలిసింది. మనసంతా అదోలా అయింది. ఈసారి మా జాతరకు అమ్మను తోల్కొని రండి. ఊరు వేరైనా పేరు ఒక్కటే గదా.

కూడవెల్లి:
తమ్ముడూ, తప్పకుండా వస్తాం. అమ్మకి ఇప్పుడే చదివి వినిపించాను. "ఇంకో కూడవెల్లి ఉందా?" అని మూడుసార్లు అడిగింది.

పొలిమేర:
నేను తెలుగు వికీపీడియాలో ఊళ్ల పేజీలు రాస్తుంటాను. మొదట్లో నా పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండేది. 2015 ఏప్రిల్‌లో అన్ని భాషల వికీల ఖాతాలనీ ఒక్కటి చేశారు. ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఒకరికి ఉంచి, రెండోవారి పేరుకి తోక తగిలించారు. తోక నాకే వచ్చింది. ఏళ్ల తరబడి రాసిన వ్యాసాల చరిత్రలో అంతటా ఆ తోకే కనబడుతుంటే కష్టంగా అనిపించింది. పేరు మార్చమని అడిగితే మార్చారు, పాత దిద్దుబాట్లన్నీ కొత్త పేరు కిందికే వచ్చాయి. ఈసారి తెలుగులోనే 'పొలిమేర' అని పెట్టుకున్నాను. రాసేది ఊళ్ల గురించే కాబట్టి. కూడవెల్లి గారూ, అమ్మగారు చెప్పే వివరాలు రాసి పెట్టండి. వాటికి ఆధారంగా చూపడానికి అచ్చులో ఏమైనా దొరుకుతుందేమో నేను వెతుకుతాను.

చిటికి:
చాలామంది నా పేరుని చిటికె అని దిద్దుతారు. చిటికె కాదు, చిటికియే. మాది పోచంపల్లి దగ్గర. నూలు మీద డిజైన్ ఎక్కడ రావాలో అక్కడ గట్టిగా కట్టి, రంగులో ముంచి, ఆరినంక విప్పుతం. కట్టిన కాడ రంగు పట్టదు. ఆ కట్టుడునే చిటికి అంటం. మా అవ్వ వేళ్ల సందుల్ల కాయలు కాసి ఉంటయి. చిటికి కట్టే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పుడును ఆసు పోసుడు అంటం. చింతకింది మల్లేశం గారు ఆసు పోసే యంత్రం చేసి, దానికి వాళ్ల అమ్మ పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు యంత్రం అని. ఆసు పోసీ పోసీ ఆమె భుజాలు నొయ్యబట్టే కదా ఆయన ఆ మిషన్ చేసింది. అది చూసినంకనే నాకు ఈ ఆలోచన వచ్చింది. మా అవ్వ పేరు ఇక్కడ పెడితే ఆమెకు నచ్చదు, అందుకే ఆమె పని పేరు పెట్టుకున్న.

అద్దెసైకిల్7 అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివిన. ఎందుకో తెలుసా? చిటికి కట్టేది రబ్బరు పీలికలతోని. పాత సైకిల్ ట్యూబులు తెచ్చి, కత్తెరతోని సన్నగ కోసుకుంటం. కొన్ని ట్యూబుల మీద పాత ప్యాచులు ఉంటయి. ఆ ముక్కను పక్కకు పెట్టి మిగిలింది కోస్తం, ప్యాచు కాడ బిర్రుగ సాగదు.

అద్దెసైకిల్7:
తమ్ముడూ, ఇది నాకు తెలియదు. నాన్న పాత ట్యూబు ఒక్కటి కూడా పారేసేవారు కాదు. షాపు వెనక గోనెసంచిలో వేసి ఉంచేవారు. రెండు మూడు నెలలకోసారి ఒకతను వచ్చి తూకం వేసి పట్టుకెళ్లేవాడు. దేనికని నేను ఎప్పుడూ అడగలేదు. మడ్‌గార్డు ఫొటో రేపు పెడతాను. మీరు వీలైతే చిటికి కట్టిన నూలు ఒకటి ఫొటో తీసి పెట్టండి, ఆ పీలికలు దగ్గరగా కనబడేలా.