నియర్ మిస్ (తృటిలో తప్పిన ప్రమాదం) కార్డుల్లో నిజాలు రావడం లేదు. మీ ప్లాంట్లలో ఎలా?

షిఫ్ట్_బి: సేఫ్టీలోకి వచ్చి ఎనిమిది నెలలైంది. మనిషికి నెలకి రెండు నియర్ మిస్ కార్డులని టార్గెట్ పెట్టారు. వచ్చేవన్నీ "మెట్ల దగ్గర నూనె మరక" రకమే. అసలువి ఎలా రాయించాలి? గ్లోవ్స్ వేసుకోనివాళ్లకి ఫైన్ వేస్తే దారికొస్తారా?

పాత_ఫిట్టర్: టార్గెట్ పెడితే మరకలే వస్తాయి తమ్ముడూ. గార్డు ఇంటర్‌లాక్‌కి (గార్డు తెరిస్తే మెషిన్ ఆపే స్విచ్) జంపర్ వైరు కట్టి, అది పనిచేయకుండా చేసి మెషిన్ నడుపుతున్నారని నేనొకసారి రాశాను. మర్నాడు టూల్‌బాక్స్ టాక్‌లో (పనికి ముందు పెట్టే సేఫ్టీ మీటింగ్) అందరి ముందూ "నీకు పని తక్కువైందా" అన్నాడు ఫోర్‌మన్. అప్పట్నుంచి నేనూ మరకలే రాస్తున్నాను. జంపర్ ఇంకా అక్కడే ఉంది.

ఆడిటర్_మాస్టారు: ఎన్ని వచ్చినా రాయించండి. 300 ఉత్తుత్తివి, 29 చిన్న గాయాలు, 1 పెద్దది అని అమెరికా సేఫ్టీ నిపుణుడు హెన్రిచ్ 1931లోనే చెప్పాడు. దాన్నే త్రికోణంగా గీస్తారు. కింద చిన్నవి తగ్గిస్తే పైన పెద్దది తగ్గుతుంది.

బోర్డ్_ఆపరేటర్: ఆ త్రికోణం గోడకి అందం, అంతే. 2005లో అమెరికాలో టెక్సాస్ సిటీ రిఫైనరీ పేలుడులో 15 మంది పోయారు. అంతకుముందు అక్కడ గాయాల రేటు తక్కువే. టవర్ నిండి పొంగుతుంటే జారిపడ్డవాళ్ల లెక్కలు ఏం చెబుతాయి?

ఆడిటర్_మాస్టారు: 27 ఏళ్ల సర్వీసు నాది. ఒక్క ప్రమాదం పట్టుకుని సూత్రాన్నే కొట్టేస్తారా?

బోర్డ్_ఆపరేటర్: ఒక్కటేనా? 2010లో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు రిగ్గు పేలింది. ఏడేళ్లుగా లాస్ట్ టైమ్ గాయం (పనికి రాలేనంత దెబ్బ) లేదని మెచ్చుకోవడానికి కంపెనీ పెద్దలు వచ్చిన రోజే. 11 మంది పోయారు.

ఆడిటర్_మాస్టారు: సముద్రంలో రిగ్గుకీ ఫ్యాక్టరీకీ పోలికేంటండీ! కంట్రోల్ బోర్డు ముందు కూర్చునేవాళ్లకి ఫ్లోర్ సంగతి తెలియదు.

బోర్డ్_ఆపరేటర్: ఫ్లోర్‌కి మీరొచ్చేది ఆడిట్ రోజే కదా సార్. అప్పుడు పెయింట్ కూడా వేసి ఉంటుంది.

ఎలక్ట్రికల్_అక్క: మీ త్రికోణం తర్వాత తేల్చుకోండి. నేను కన్వేయర్ కింద ఉండగా, మోటర్ ట్రయల్ వేయాలని, ఎవరూ కరెంటు వేయకుండా స్విచ్‌కి నేను పెట్టిన తాళం కోసేశారు. నా కేక విని ఎవరో ఆపారు. నియర్ మిస్ అని రాస్తే "కమ్యూనికేషన్ గ్యాప్" అని మూసేశారు. ఇప్పుడున్న ప్లాంట్ వేరు. స్విచ్ తాళంచెవి ఉంచే గ్రూప్ బాక్స్‌కి పనిచేసే ప్రతివాళ్లూ తాళం వేస్తారు, ఎవరి తాళం వాళ్లే తీయాలి. మొన్న ఒక కుర్రాడు తాళం తీయడం మర్చిపోయి ఇంటికెళ్లాడు. మేనేజర్ లైన్ ఆపి, అతన్ని వెనక్కి పిలిపించాడు. రెండు గంటల ప్రొడక్షన్ పోయినా కోయనివ్వలేదు. ఆ వారం నుంచి కార్డుల్లో నిజాలు వస్తున్నాయి.

ఆడిటర్_మాస్టారు: కోయడానికి కూడా ప్రొసీజర్ ఉందమ్మా. లోపల మనిషి లేడని చూసుకుని...

ఎలక్ట్రికల్_అక్క: నేనున్నాను సార్ లోపల.

షిఫ్ట్_బి: గ్లోవ్స్ సంగతి ఎవరూ చెప్పలేదు.

పాత_ఫిట్టర్: ఎక్కడ వేసుకోలేదు? తిరిగే డ్రిల్లు, లేత్ దగ్గర గ్లోవ్ వేసుకోకూడదు. అంచు చిక్కుకుంటే చెయ్యే లాగేస్తుంది.

షిఫ్ట్_బి: మా రూల్ బుక్‌లో షాపు మొత్తం తప్పనిసరి అని ఉంది. నిన్ననే లేత్ సెక్షన్‌లో ఇద్దరికి ఫైన్ రాశాను.