చలికి కిల్న్ వేడెక్కడం లేదు, కాయిళ్లు మార్చాలా?

ప్రశ్న (విజయవాడ, భవానీపురం):
ఇంటి వెనక రేకుల షెడ్డులో మాకు 6 కిలోవాట్ల ఎలక్ట్రిక్ కిల్న్ (కుండలు, కప్పులు కాల్చే కొలిమి) ఉంది. సింగిల్ ఫేజ్, లోపల వేడినిచ్చే కాయిళ్లు రెండు వరసలు. మే నెలలో తెల్లవారుజామున మొదలుపెడితే కోన్ 6 గ్లేజ్ కాల్పు (గ్లేజ్ అంటే కరిగి గాజులా పట్టే పూత, కోన్ అంటే కావలసిన వేడి అందగానే వంగే చిన్న శంకువు) ఎనిమిదిన్నర గంటల్లో అయిపోయేది. ఇప్పుడు రాత్రి 10కి వేస్తున్నా, పదకొండు గంటలు గడిచినా 1150 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది. మొన్న తీసి చూస్తే కోన్ అసలు వంగలేదు, గ్లేజ్ కరగక కప్పులన్నీ గరుకుగా వచ్చాయి. షెడ్డుకి రెండు పక్కల గోడ లేదు, నది వైపు నుంచి మంచు నేరుగా వస్తుంది. సంక్రాంతిలోపు 60 కప్పులు ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. కాయిళ్లు మొత్తం మార్చమంటున్నారు. ఇది చలి వల్లేనా?

జవాబు:
చలే అక్కా. బయట గ్లాస్‌వుల్ చుట్టేయండి, వేడి బయటికి పోదు.

జవాబు (గుంటూరు):
దయచేసి ఏమీ చుట్టకండమ్మా. కిల్న్ బయటి రేకు చల్లబడుతూ ఉండాలి. చుట్టేస్తే పక్కనున్న పెట్టెలో రిలేలు (కాయిళ్లకి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్‌లు), వైర్లు ఉడికిపోతాయి.

చలి సంగతి లెక్క వేసి చూడండి. మేలో బయట 42 డిగ్రీలు, ఇప్పుడు తెల్లారి 18 అనుకుందాం, తేడా 24. లోపల కావలసింది 1220. అంత వేడి దగ్గర ఈ 24 డిగ్రీల వల్ల బయటికి పోయే వేడి పెరిగేది 2 శాతమే. దానికి గంటల తేడా రాదు. కోన్ కూడా వంగలేదన్నారు కాబట్టి వేడి చూపే మీటరు తప్పు చూపించడం లేదు, నిజంగానే వేడి చాలడం లేదు.

నా అనుమానం వోల్టేజీ మీద. కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది, 230 కాస్తా 205 అయితే వోల్టేజీ తగ్గింది 11 శాతమే కానీ వేడి 21 శాతం పడిపోతుంది. పైగా రాత్రి 10కి మొదలుపెడితే బాగా బలం కావలసిన చివరి గంటలు పొద్దున 6 నుంచి 9 మధ్య పడతాయి, సరిగ్గా వీధిలో అందరూ గీజర్లు వేసుకునే టైము.

కాయిళ్లు కొనేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కిల్న్ ఫుల్లుగా నడుస్తుండగా మెయిన్ బోర్డు దగ్గర, కిల్న్ దగ్గర వోల్టేజీ చూపించండి, క్లాంప్ మీటర్‌తో ఆంప్స్ కూడా చూడమనండి. లోడ్ లేకుండా చూస్తే ఏమీ తెలియదు. 230 ఉంటే మీ కిల్న్ 26 ఆంప్స్ తీసుకోవాలి. 13 చూపిస్తే ఒక వరస పోయినట్టు. వోల్టేజీ నిండుగా ఉండి ఆంప్స్ 23 ఉంటే కాయిళ్లు అరిగాయి, మార్చాల్సిందే. ఒక్కసారి కాలిన కాయిల్ చల్లగా ఉన్నప్పుడు పెళుసుగా ఉంటుంది, చేత్తో వంచితే పుటుక్కున విరుగుతుంది, చూసేటప్పుడు ముట్టుకోనివ్వకండి.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ పొద్దున 7:30కి చూశామండీ. బోర్డు దగ్గర 218, కిల్న్ దగ్గర 204, ఆంప్స్ 23. కిల్న్ ఆపితే రెండు చోట్లా 228.

జవాబు (గుంటూరు):
204 దగ్గర 23 ఆంప్స్ అంటే కాయిళ్లు బాగానే ఉన్నాయి. ఆ డబ్బు ఉంచుకోండి.

కానీ బోర్డుకీ కిల్న్‌కీ మధ్య 14 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. 14ని 23తో హెచ్చిస్తే 322 వాట్లు, అంత వేడి మీ వైరులోనో జాయింట్లలోనో పుడుతోందన్నమాట. ఇది గ్లేజ్ కరగకపోవడం కన్నా పెద్ద విషయం, నిప్పు అంటుకునే ప్రమాదం. సరిచేసేదాకా కిల్న్ వేయకండి. మెయిన్ ఆపించి ఐసొలేటర్ (కిల్న్‌కి వెళ్లే కరెంటు ఆపే స్విచ్) విప్పించండి. వైరు ఎంత పొడవు, రాగా అల్యూమినియమా?

ప్రశ్న అడిగినవారు:
మీరన్నట్టే ఐసొలేటర్‌లో ఒక స్క్రూ కింద వైరు నల్లగా మాడిపోయి ఉంది, పైన ప్లాస్టిక్ కరిగింది. చూసి భయమేసింది. వైరు 30 మీటర్లు, 4 ఎంఎం అల్యూమినియం. 10 ఎంఎం రాగి వైరు వేయించి, కొత్త ఐసొలేటర్ పెట్టించి, వైరు చివర్లకి లగ్గులు (లోహపు తొడుగులు) నొక్కించాము. ఇప్పుడు లోడ్ మీద బోర్డు దగ్గర 218 ఉంటే కిల్న్ దగ్గర 215 వస్తోంది.

జవాబు (గుంటూరు):
చాలా సంతోషం. వేడి 11 శాతం పెరిగినట్టే. ఇకనుంచి సాయంత్రం 6కి వేయండి, చివరి గంటలు అర్ధరాత్రి దాటాక పడతాయి, అప్పుడు లైను మీద లోడ్ తక్కువ. ఎవరో ఒకరు మేలుకొని ఉండాలి మరి.

చలి నిజంగా దెబ్బకొట్టేది పచ్చి కుండల్ని. మంచు రోజుల్లో పైకి ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది, 100 దాటగానే ఆవిరై కుండ పగిలిపోతుంది. మా తాతగారు ఈ రోజుల్లో ఆవం పెడితే ముందు ఒక పూటంతా సన్న సెగ మీదే ఉంచేవారు. మీరు బిస్క్ కాల్పులో (గ్లేజ్ పూయకముందు చేసే మొదటి కాల్పు) 90 దగ్గర మూడు నాలుగు గంటలు ఆపండి, మూత కొంచెం తెరిచి ఉంచండి. గ్లేజ్ కాల్పు అయ్యాక మాత్రం 100 లోపుకి దిగేదాకా మూత తీయొద్దు, ఆ షెడ్డు గాలికి కప్పులు చీలతాయి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న సాయంత్రం 6కి వేశాం. రాత్రి 3:20కి 1222 చేరింది, కిల్న్ కన్నంలోంచి చూస్తే కోన్ వంగింది. ఇంకా 160 దగ్గర ఉంది, మూత ముట్టుకోలేదు.