ట్యాబ్‌లో జాగా లేదు, క్లౌడ్‌లో ఫొటోలు పోకూడదు. ఎలా చేశారో చెప్పండి

బైరాగిపట్టెడ వాసి:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి. ఇంట్లో 64 జీబీ ఆండ్రాయిడ్ ట్యాబ్ ఒకటుంది. అమ్మ భజనలు చూసేది, బాబు పాఠాలు వినేది అన్నీ దాంట్లోనే. ఇప్పుడు ఏది తెరిచినా స్టోరేజ్ ఫుల్ అంటోంది, స్కూల్ యాప్ అప్‌డేట్ కావడం లేదు. ఫొటోలు గూగుల్ ఫొటోస్‌కు వెళ్లేలా ఎప్పుడో పెట్టాం. గంగమ్మ జాతరకు ఒళ్లంతా తెల్లగా పూసుకుని బాబు వేసిన బైరాగి వేషం, తిరుమల నడకదారిలో మోకాలి మెట్టు దగ్గర నాన్నగారితో దిగినవి, అన్నీ అందులోనే ఉన్నాయి. నాన్నగారు ఇప్పుడు లేరు. ట్యాబ్‌లో తీసేస్తే క్లౌడ్‌లో, అంటే నెట్‌లో గూగుల్ దాచే చోట కూడా పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. చేసి చూసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు సెల్ సర్వీస్:
అన్నా, ఈ బాధతో మా షాపుకు చాలామంది వస్తుంటారు. ముందు ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. గూగుల్ ఫొటోస్‌లో ఫొటో ఎంచుకుని డస్ట్‌బిన్ బొమ్మ నొక్కితే అది ట్యాబ్‌లోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది, అదే అకౌంట్ ఉన్న మిగతా ఫోన్లలోనూ కనిపించదు. బ్యాకప్ అయిన ఫొటో ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత తిరిగి రాదు.

మీకు కావాల్సింది అది కాదు. యాప్‌లో పైన కుడివైపు మీ బొమ్మ నొక్కితే 'ఫ్రీ అప్ స్పేస్' అని ఉంటుంది. అది బ్యాకప్ అయిపోయిన ఫొటోల ట్యాబ్ కాపీలను మాత్రమే తీస్తుంది, క్లౌడ్‌లోవి కదలవు. భయంగా ఉంటే ముందు ఏదో ఒక పనికిరాని ఫొటో తెరిచి, మూడు చుక్కలు నొక్కి 'డిలీట్ ఫ్రమ్ డివైస్' కొట్టి చూడండి. ఆ ఫొటో యాప్‌లో ఇంకా కనిపిస్తోందంటే అది క్లౌడ్‌లో ఉన్నదే.

తిరుచానూరు టీచర్:
పై అన్న చెప్పింది నిజం. కానీ యాప్ చూపించిందని వెంటనే నమ్మొద్దు. వేరే ఫోన్‌లోనో, కంప్యూటర్‌లోనో బ్రౌజర్ తెరిచి, అదే మెయిల్ ఐడీతో గూగుల్ ఫొటోస్‌లోకి వెళ్లి మీ కళ్లతో చూసుకోండి. పాతవి ఎలాగూ ఉంటాయి, చూడాల్సింది ఇటీవలివి. ఇంకో సంగతి, ఇంట్లో నలుగురూ వాడే ట్యాబ్‌లో రెండు మూడు అకౌంట్లు ఉంటాయి. బ్యాకప్ ఏ అకౌంట్‌కు వెళ్తోందో ముందు తేల్చుకోండి. మా స్టాఫ్‌లో ఒకావిడ ఫొటోలు పోయాయని ఏడ్చినంత పని చేసింది, చూస్తే అవి వాళ్లబ్బాయి అకౌంట్‌లో క్షేమంగా ఉన్నాయి.

వాట్సాప్‌లో వచ్చినవి కూడా చూసుకోండి. కెమెరాతో తీసినవి వెళ్తాయి గానీ, వాట్సాప్ ఇమేజెస్ ఫోల్డర్‌కు విడిగా బ్యాకప్ ఆన్ చేయాలి. బంధువులు పంపిన పెళ్లి ఫొటోలు చాలావరకు అక్కడే చిక్కుకుని ఉంటాయి.

బైరాగిపట్టెడ వాసి:
టీచర్ గారూ, మీరు చెప్పినట్టే కంప్యూటర్‌లో చూశాను. నాన్నగారి ఫొటోలు ఉన్నాయి, ప్రాణం లేచొచ్చింది. కానీ ఈ మధ్య జాతర ఫొటోలు లేవు! అకౌంట్ స్టోరేజ్ నిండిందని పైన ఎర్రగా రాసి ఉంది.

పుత్తూరు మిత్రుడు:
అంటే బ్యాకప్ ఆగిపోయిందన్నమాట. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి అంతే. 2021 జూన్ 1 నుంచి తక్కువ క్వాలిటీలో పెట్టిన ఫొటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే. అందుకే చాలామందికి తెలియకుండానే నిండిపోతోంది.

క్లౌడ్‌లో ముందు చోటు చేయండి. నేను చూసినంతవరకు ఎక్కువ తినేది వాట్సాప్ బ్యాకప్‌లోని వీడియోలే. వాట్సాప్‌లో చాట్ బ్యాకప్‌కు వెళ్లి వీడియోలు కలపొద్దని పెట్టి, మళ్లీ ఒకసారి బ్యాకప్ చేయండి. డ్రైవ్‌లో ట్రాష్ కూడా ఖాళీ చేయండి. అది నిండుగా ఉన్నంతసేపు ఆ చోటు మీకు రాదు. జాతర ఫొటోలు పైకి చేరాకే ట్యాబ్ మీద చెయ్యి వేయండి, అంతవరకు ఒక్కటీ తీయొద్దు.

శ్రీకాళహస్తి అక్క:
నాదొక మాట. అసలు ఫొటోల జోలికి పోకుండానే చాలా జాగా దొరుకుతుంది. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి ఏది ఎంత తింటోందో చూడండి. మా అత్తమ్మ ట్యాబ్‌లో ఆఫ్‌లైన్‌లో దాచిన కీర్తనల వీడియోలే కొండలా ఉన్నాయి. యాప్‌లోంచి వాటిని తీస్తే సగం బరువు దిగింది. వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్ అని వెళ్తే 5 ఎంబీ దాటినవి విడిగా చూపిస్తుంది. పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలన్నీ అక్కడ దొరుకుతాయి. గ్యాలరీలో రీసైకిల్ బిన్ కూడా చూడండి, తీసేసినవి కొన్నాళ్లు అక్కడే కూర్చుని జాగా తింటుంటాయి.

క్యాష్, అంటే యాప్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు, క్లియర్ చేయొచ్చు, నష్టం లేదు. కానీ గూగుల్ ఫొటోస్‌కు 'క్లియర్ డేటా' మాత్రం కొట్టొద్దు. యాప్‌లో లాక్ వేసి పెట్టే 'లాక్డ్ ఫోల్డర్'లో దాచుకున్నవాటికి బ్యాకప్ ఆన్ చేయకపోతే అవి పూర్తిగా పోతాయి.

పలమనేరు:
మాది ఐప్యాడ్. ఇక్కడ పద్ధతి వేరు కాబట్టి రాస్తున్నాను. ఆపిల్ వాళ్ల క్లౌడ్ అయిన ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే ఐప్యాడ్‌లో డిలీట్ చేసిన ఫొటో ఐక్లౌడ్‌లోనూ పోతుంది. 'రీసెంట్లీ డిలీటెడ్'లో 30 రోజులు ఉంటుంది, అంతే. జాగా కోసం చేయాల్సింది సెట్టింగ్స్‌లో మీ పేరు, ఐక్లౌడ్, ఫొటోస్ అని వెళ్లి 'ఆప్టిమైజ్ ఐప్యాడ్ స్టోరేజ్' పెట్టడం. అసలు ఫొటో ఐక్లౌడ్‌లో ఉంచి, ఐప్యాడ్‌లో చిన్న కాపీ పెడుతుంది. ఉచితం 5 జీబీయే కాబట్టి త్వరగా నిండుతుంది.

ముఖ్యంగా, ఐప్యాడ్‌లో గూగుల్ ఫొటోస్ కూడా వాడేవాళ్లు జాగ్రత్త. ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉండగా గూగుల్‌లో 'ఫ్రీ అప్ స్పేస్' కొడితే ఐక్లౌడ్ కాపీలు కూడా పోతాయి. గూగుల్‌లో మిగులుతాయి, నిజమే, కానీ రెండుచోట్లా ఉన్నాయనుకునేవాళ్లకు అది పెద్ద దెబ్బ.

బైరాగిపట్టెడ వాసి:
వాట్సాప్ బ్యాకప్‌లోంచి వీడియోలు తీసేశాక జాతర ఫొటోలు పైకి వెళ్లాయి. కంప్యూటర్‌లో ఒక్కొక్కటీ చూసుకున్నాకే 'ఫ్రీ అప్ స్పేస్' కొట్టాను. స్కూల్ యాప్ అప్‌డేట్ అయింది. అందరికీ చాలా థ్యాంక్స్. ఒక అనుమానం, ఇక నెట్ లేకపోతే ఫొటోలు కనిపించవా?

చిత్తూరు సెల్ సర్వీస్:
చిన్న మసక బొమ్మలా కనిపిస్తాయి, పెద్దగా తెరవాలంటే నెట్ కావాలి. తలకోనలాంటి సిగ్నల్ అందని చోట చూపించాలనుకున్నవి ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

తిరుచానూరు టీచర్:
నాన్నగారి ఫొటోలను మాత్రం ఒక్క క్లౌడ్ మీదే వదలొద్దు, దయచేసి. గూగుల్‌లో దాచినవాటిని మనం దించుకునేందుకు ఉన్న గూగుల్ టేక్‌అవుట్‌లో కావాల్సిన ఆల్బమ్‌లు ఎంచుకుంటే జిప్ ఫైళ్లుగా చేసి మెయిల్‌కు లింక్ పంపుతుంది. ఆ లింక్ వారం రోజులే పనిచేస్తుంది, కాబట్టి రాగానే డౌన్‌లోడ్ చేసి హార్డ్ డిస్క్‌లో వేసుకోండి. జిప్ విప్పి నాలుగు ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో అప్పుడే చూసుకోండి.