కంటైనర్ నింపేటప్పుడు హమాలీలకు తలనొప్పి, వాంతులు: ఎండ వల్లనా, గోలీల వల్లనా?

ప్రశ్న – మిల్లు సూపర్‌వైజర్, మిర్యాలగూడ

అన్నలందరికి నమస్తే. మా మిల్లు నుంచి 20 అడుగుల కంటైనర్లల్ల బియ్యం పోర్టుకు పోతది. ఒక్కో దాంట్ల 50 కిలోల బస్తాలు 500. ఎనిమిది మంది హమాలీలు రెండున్నర గంటల్ల నింపుతరు. పురుగు పట్టకుండ సెల్ఫాస్ (అల్యూమినియం ఫాస్ఫైడ్ అనే పురుగు మందు) గోలీల పొట్లాలు వరుసల నడుమ పెట్టుకుంట వస్తరు. ఈ ఎండాకాలం లోపల పనిచేసేటోళ్లల్ల ఇద్దరు ముగ్గురికి తలనొప్పి, కక్కొచ్చినట్టు అయితుంది. ఎండదెబ్బ, మజ్జిగ తాపితే చాలంటున్నడు మేస్త్రీ. నాకు నమ్మబుద్ధి అయితలేదు. ముందు ఏం మార్చాలె?

జవాబు – ఫ్యూమిగేషన్ ఆపరేటర్, నల్లగొండ

తమ్మీ, ముందు ఆ గోలీలు పెట్టుడు బంద్ చెయ్యి. మిగతాది తర్వాత.

లెక్క చూడు. 3 గ్రాముల గోలీ ఒకటి దాదాపు 1 గ్రాము ఫాస్ఫీన్ గ్యాస్ విడుస్తది. 20 అడుగుల పెట్టె లోపలి జాగ 33 ఘనపు మీటర్లు. ఒక్క గోలీ మొత్తం కరిగితే ఖాళీ పెట్టెల గ్యాస్ 20 పీపీఎం దాటుతది (పీపీఎం అంటే పది లక్షల పాళ్ల గాలిల ఒక పాలు గ్యాస్). రోజంత పనిచేసే మనిషికి ఎన్నో దేశాలల్ల పెట్టుకున్న హద్దు 0.3 పీపీఎం. అంటే ఒక్క గోలీకే 70 రెట్లు. గాలిల తేమ తగిలితే చాలు, అరగంట, గంటల గ్యాస్ మొదలైతది, వేడికి ఇంకా తొందరగ. మీ పని రెండున్నర గంటలు. లోపలి గోడ దగ్గర పెట్టిన పొట్లం పనిల పడేసరికి మనుషులు ఇంకా నడుమ వరుసల్లనే ఉంటరు, ఆ గ్యాస్ బయటికి పోయే తొవ్వ వాళ్ల మీదికెల్లే. తలుపులు తెరిచే ఉన్నయి కదా అనుకోవద్దు, మూడు దిక్కుల రేకు ఉన్న పెట్టెల లోపలి మూల గాలి తిరగదు.

వెల్లుల్లి వాసన వస్తే తెలుస్తదని కొందరు అంటరు. ఆ వాసన తెలిసేసరికే హద్దు దాటిపోయి ఉండొచ్చు, కొందరికి అసలే తెల్వది. ముక్కుకు కట్టిన కండువా, దుమ్ము మాస్కు ఈ గ్యాస్‌ను ఆపవు.

తలనొప్పి, వికారం, నీరసం ఎండదెబ్బకైనా గ్యాస్‌కైనా ఒక్కతీరుగనే ఉంటయి. ఛాతి పట్టేసి దగ్గు, ఆయాసం వస్తే గ్యాస్ అనుమానం ఎక్కువ. తేల్చుకుంట కూసోకుండ గ్యాసే అనుకొని బయటి గాలికి తీసుకపోయి 108కి ఫోన్ చేయాలె. డాక్టర్‌కు అల్యూమినియం ఫాస్ఫైడ్ అని పేరుతోటి చెప్పాలె. దీనికి విరుగుడు మందు లేదు. కొన్ని గంటల తర్వాత కూడ ఊపిరితిత్తులల్ల నీరు చేరొచ్చు, అందుకే తేరుకున్నడని ఇంటికి పంపొద్దు. లోపల ఎవరన్న కూలబడితే ఒకరి వెనక ఒకరు ఉరుకుడు అన్నిటికన్న ప్రమాదం. 101కి చెప్తే ఫైరోళ్లు గాలి సిలిండర్ తోటి వస్తరు.

సరైన తీరు: బస్తాలన్ని నింపి, అందరు దిగినంక, కేంద్ర మొక్కల సంరక్షణ శాఖ అనుమతి ఉన్న ఆపరేటరే గోలీలు పెట్టి, సీల్ చేసి, తలుపు మీద పుర్రె బొమ్మ బోర్డు, గ్యాస్ పేరు, తేదీ రాయాలె. ఆ బోర్డు లేకపోతే పోర్టుల తలుపు తీసే మనిషికి లోపల ఏమున్నదో తెల్వది.

జవాబు – లోడింగ్ ఇంచార్జి, కోదాడ

గోలీల సంగతి అన్న చెప్పిండు. నేను కంటైనర్ మోసే ట్రైలర్ సంగతి చెప్త.

లోడింగ్ నడిచేటప్పుడు బండి తాళంచెవి మీ దగ్గర ఉండాలె, తలుపు మూసినంకనే డ్రైవర్ చేతికి. ట్రైలర్‌ను లాగే ముందటి ఇంజన్ బండిని విడదీయొద్దు, వెనక చక్రాలకు రెండు దిక్కుల అడ్డం చెక్కలు పెట్టాలె. 25 టన్నులు ఎక్కుతుంటే కమాన్లు (స్ప్రింగు పట్టీలు) దిగి కంటైనర్ నేల కొన్ని అంగుళాలు కిందికి పోతది. హమాలీలు నడిచి ఎక్కనీకి పొద్దున సమంగ పెట్టిన బల్ల పని మధ్యలో ఏటవాలై జారేది గిట్లనే. రెండు కొసలకు కొక్కెం ఉన్న ఇనుప పలక వేసుకోండి, ప్రతి వంద బస్తాలకు ఒకసారి చూడండి.

500 బస్తాలను ఎనిమిది మందికి పంచితే తలా 3 టన్నుల పైననే. మిల్లుల బెల్టు ఉంటే దాన్ని పెట్టె తలుపు దాకా జరపండి. తలుపు దిక్కు చివరి వరుసలు నిటారుగ గోడ లెక్క కట్టొద్దు, మెట్లు మెట్లుగ దించి వల కట్టాలె. లేకుంటే దారి కుదుపులకు బస్తాలు తలుపు మీదికి ఒరిగి, విశాఖలనో చెన్నైలనో తలుపు తీసినోని మీద పడతయి. తూకం కూడ అంచనాతో రాయొద్దు. 2016 జూలై 1 నుంచి సరిచూసిన స్థూల బరువు (పెట్టె, సరుకు కలిపి) లేకుంటే ఓడ ఎక్కనియ్యరు. అది తప్పైతే క్రేన్ కిందున్న మనుషులకే ముప్పు.

జవాబు – ఆక్యుపేషనల్ హెల్త్ నర్సు, దేవరకొండ

మేస్త్రీ చెప్పిన ఎండ సంగతి కూడా కొట్టిపారేయకండి. ఇనుప పెట్టె ఎండలో బయటికన్నా బాగా వేడెక్కుతుంది. పని తెల్లారి 5.30 నుంచి 10 లోపు, మళ్లీ సాయంత్రం 5 తర్వాత పెట్టుకోండి. ఫ్యాను తలుపు దగ్గర పెడితే లాభం లేదు, గొట్టంతో గాలిని లోపలి గోడ దాకా పంపాలి. లోపల ఇద్దరు ముగ్గురే ఉండి, 20 నిమిషాలకోసారి మారాలి.

ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్ల నీళ్లు. ఇక్కడ మన నల్లగొండ జిల్లా సంగతి ఒకటుంది, చాలా చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. హమాలీ రోజుకు 6, 7 లీటర్లు తాగుతాడు. బోరు నీళ్లే తాగితే కూర్చుని పనిచేసే మనిషికంటే మూడు రెట్లు లోపలికి పోతాయి. అందుకని కుండలో మిషన్ భగీరథ నల్లా నీళ్లే పోయించండి. మాట తడబడినా, ఒళ్లు కాలుతున్నా మజ్జిగ కోసం చూడకుండా నీడకు తెచ్చి ఒంటి మీద నీళ్లు పోసి, విసురుతూ 108 పిలవాలి.

ప్రశ్నించినాయన

పొట్లాలు ఇయ్యాల్నే ఆపిస్త. ఒక్క సందేహం అన్నా, ఖాళీగ వచ్చే కంటైనర్ల కూడ గ్యాస్ ఉంటదా?

జవాబు – ఫ్యూమిగేషన్ ఆపరేటర్, నల్లగొండ

ఉండొచ్చు తమ్మీ. ముందటి సరుకుకు వేసిన మందు మిగిలి ఉంటది. మూలలకు బూడిద రంగు పొడి గాని, పాత పొట్లాలు గాని కనపడితే చేత్తో ముట్టొద్దు, నీళ్లు అసలే పోయొద్దు, నీళ్లు తగిలితే గ్యాస్ లేస్తది, మంట కూడ అంటొచ్చు. ఆపరేటర్‌ను పిలవండి. రెండు తలుపులు బార్లా తెరిచి కొక్కాలకు తగిలించి, ఫ్యానుతో గాలి ఆడించినంక ఫాస్ఫీన్ మీటర్ గొట్టాన్ని కర్రకు కట్టి లోపలికి పంపి, లోపలి గోడ దగ్గర కింద, నడుమ, పైన మూడు చోట్ల చూడాలె. మూడింట్ల 0.3 పీపీఎం కన్న తక్కువ చూపిస్తేనే మనిషిని ఎక్కించు.