టీబీ తిరగబెట్టిందా, ఆస్పర్‌జిల్లసా?

ప్రశ్న:
మా నాన్నగారికి ఆరేళ్ల క్రితం టీబీ వచ్చి, ఆరు నెలలు మందులు వాడాక నయమైంది. ఇప్పుడు నాలుగు నెలలుగా దగ్గు, నీరసం, అప్పుడప్పుడు కళ్ళెలో రక్తపు జీరలు కనిపిస్తున్నాయి. బరువు కూడా తగ్గారు. కళ్ళెను రెండుసార్లు సూక్ష్మదర్శినిలో చూసినా టీబీ క్రిములు కనబడలేదు. అయినా ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగాన గుల్ల ఉన్నందున, జబ్బు తిరగబెట్టిందని మళ్ళీ టీబీ మందులే మొదలుపెట్టారు. రెండు నెలలైనా గుణం లేదు. ఇంకేదైనా పరీక్ష అడగవచ్చా?

సమాధానం 1:
తప్పక అడగండి. నేను ఛాతీ వైద్యుణ్ణి. టీబీ మానిన తరువాత మిగిలిపోయిన గుల్లలో, మనం రోజూ పీల్చే గాలిలోనే ఉండే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు చేరి, నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. అప్పుడు వచ్చే దగ్గు, రక్తం, చిక్కిపోవడం అన్నీ టీబీ లక్షణాల్లాగే ఉంటాయి కనుక లక్షణాలను బట్టి రెండింటినీ విడదీయలేము. రక్తంలో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ (ఈ బూజును ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే యాంటీబాడీ) పరీక్ష, ఛాతీ సీటీ స్కాన్ చేయించండి. గుల్లలో ఉండలాంటి నీడ, దాని పైన నెలవంకలా గాలి కనిపిస్తే అనుమానం బాగా బలపడుతుంది, అయితే ఉండ లేనంత మాత్రాన ఈ జబ్బు లేదనుకోకూడదు. కళ్ళెను జీన్‌ఎక్స్‌పర్ట్‌కూ (టీబీ క్రిముల డీఎన్ఏను వెతికే పరీక్ష), కల్చర్‌కూ (క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) కూడా పంపాలి. ఇదివరకు టీబీ వచ్చి తగ్గినవారిలో చనిపోయిన క్రిముల డీఎన్ఏ వల్ల జీన్‌ఎక్స్‌పర్ట్ పాజిటివ్ రావచ్చు, కల్చర్‌లో మాత్రం బతికున్న క్రిములే పెరుగుతాయి. రెండు జబ్బులూ కలిసి ఉన్నవారినీ చూశాను.

సమాధానం 2:
మా చెల్లెలికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. ఆమె ఎక్స్‌రేలోని మచ్చలను చూసి టీబీ అనుకున్నారు, చివరికి అదే బూజు వల్ల కలిగే అలర్జీ జబ్బని తేలింది. ఆమెకు చేసినవి రక్తంలో మొత్తం ఐజీఈ (అలర్జీలో పెరిగే యాంటీబాడీ), ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ పరీక్షలు. మీ నాన్నగారికి ఉబ్బసం ఉంటే ఆ సంగతి డాక్టరుగారికి ముందే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ఉబ్బసం లేదండీ. ఐజీజీ బాగా ఎక్కువగా వచ్చింది, సీటీలో ఉండ కూడా ఉంది. కల్చర్ ఫలితం ఇంకా రాలేదు. ఈలోగా రెండు రకాల మందులూ కలిపి వాడవచ్చా?

సమాధానం 1:
ఇక్కడే జాగ్రత్త అవసరం. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్, బూజుకు ఇచ్చే ఇట్రాకొనజోల్‌ను రక్తంలో బాగా తగ్గించివేస్తుంది, కనుక కలిపి వాడితే ఇట్రాకొనజోల్ పనిచేయదు. అలాగని టీబీ మందులను మీరే ఆపవద్దు. ఈ ఫలితాలను వెంటనే మీ డాక్టరుగారికి చూపించి నిర్ణయం ఆయనకే వదలండి. ఇట్రాకొనజోల్ మొదలైతే కనీసం ఆరు నెలలు వాడాల్సి ఉంటుంది. జీరలు కాక రక్తమే దగ్గులో ఎక్కువగా పడితే, రాత్రి అయినా సరే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.